మొదటి గడి

“డిస్కు బాగానే ఉందని ఒక్క కాగితం రాసివ్వండి మేడమ్. అంతకంటే ఏం అక్కర్లేదు.”

లిఫ్టుల కంపెనీ మేనేజరు కంప్యూటర్ పెట్టెను కౌంటర్ మీద దించి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. సోమవారం పొద్దున్న తొమ్మిదిన్నర. కంప్యూటర్ రిపేరు షాపు షట్టరు ఇంకా సగమే లేచి ఉంది. ఆయన నడుం వంచి లోపలికొచ్చాడంటేనే పని ఎంత తొందరదో ఆమెకు అర్థమైంది.

“ఎవరికివ్వడానికి?”

“విచారణ ఆఫీసరుకి. గురువారం పదకొండింటికి రమ్మన్నారు. లిఫ్టు సంగతి విన్నారు కదా?”

విన్నది. వీధిలో విననివాళ్ళెవరూ లేరు. పదిహేడో తారీకున, రెండు వీధుల అవతల బట్టలు కుట్టే వర్క్‌షాపులో సరుకుల లిఫ్టు ఇనప తాడు తెగి ఒకటిన్నర అంతస్తు జారిపోయింది. గుడ్డల మూటలతో పాటు లోపలున్న కుట్టుపనావిడకు రెండు కాళ్ళూ విరిగాయి.

“ఆ తాడు చెడిపోయిందని పదో తారీకునే ఫోటోలు తీసి ఆఫీసు కంప్యూటర్లో పెట్టానంటాడు మా మెకానిక్. ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. అసలు వెళ్ళకుండానే వెళ్ళానని రాసేశాడు, అంతే. ఇప్పుడేమో డిస్కు తినేసిందేమో అంటున్నాడు.” మేనేజరు కంప్యూటర్‌ను అరచేత్తో తట్టాడు. “పన్నెండున దీన్ని బాగుచేసింది మీరే. అప్పట్నుంచి గుర్రంలా పరిగెడుతోంది. అవునా కాదా?”

“అవును.”

“మరింకేం! మిమ్మల్ని ఎక్స్‌ప్రెస్ అని ఊరికే అంటారా? ఆ రోజు ఇరవై నిమిషాల్లో లేపి కూర్చోబెట్టారు.”

ఆ పేరంటే ఆమెకు లోలోపల ఇష్టమే. ఇవాళ మాత్రం ‘ఇరవై నిమిషాలు’ అన్న మాట దగ్గర చేతిలోని స్క్రూడ్రైవరు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ తిరిగింది. నాలుగు మరలు విప్పి డిస్కును బయటికి తీసింది. అరచేయంత లోహపు పెట్టె. దాన్ని టెస్టింగ్ కంప్యూటరుకు తగిలించింది, డిస్కు మీద కొత్తగా ఏమీ రాయనివ్వని చిన్న అడ్డుపెట్టె మధ్యలో పెట్టి. డిస్కు తిరగడం మొదలుపెట్టగానే చూపుడువేలు దాని అంచు మీద ఆనించి విన్నది. మెత్తటి చప్పుడు. గీతలు పడుతున్న శబ్దం లేదు, టక్ టక్ లేదు.

పరీక్ష ప్రోగ్రాం తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ‘ఆరోగ్యం: బాగుంది.’

“చూశారా! రాసెయ్యండి.”

ఆమె చూపు కిందికి దిగింది. పై వరుస ఎప్పుడూ నవ్వుతూనే పలకరిస్తుంది. అసలు సంగతులు కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. ‘మార్చిన అరలు: 48.’ డిస్కులో కోట్ల కొద్దీ అరలుంటాయి. ఏదైనా అర చెడితే డిస్కు దాన్ని పక్కనబెట్టి, విడిగా దాచుకున్న కొత్త అరను ఆ చోట వాడుకుంటుంది. ఆపైన అంతా ఆకుపచ్చే. పాత అరలో ఏముండేదో ఆ ఆకుపచ్చ అక్షరాలు చెప్పవు.

“బుధవారం సాయంత్రానికి ఇస్తాను” అంది.

“బుధవారమా? ఎక్స్‌ప్రెస్సు కాస్తా ప్యాసింజరైందేంటి?”

“ఆఫీసరు చేతికెళ్ళే కాగితం కదండీ. పూర్తిగా చూసి రాయాలి.”

ఆయన గడియారం చూసుకుని, మళ్ళీ నడుం వంచి వెళ్ళిపోయాడు.

వెనక గదిలోంచి బాబాయి వచ్చాడు, చెవిలో వినికిడి మిషన్ సర్దుకుంటూ. ఈ షాపు పెట్టింది ఆయనే. ఆమెకు ఈ పని నేర్పిందీ ఆయనే. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని డిస్కులు ముట్టుకోడు. మరలను సైజుల వారీగా ఏరి డబ్బాల్లో పోస్తాడు, వచ్చినవాళ్ళతో కబుర్లాడతాడు, తను ఎప్పుడో గోడ మీద రాసిన అక్షరాలు వెలిసిపోయినప్పుడల్లా మళ్ళీ రంగు దిద్దుతాడు. ‘ముందు కాపీ. తరువాతే రిపేరు.’

“ఏమంటాడే ఆ గాలిలా వచ్చిపోయిన మనిషి?”

“కాగితం కావాలట బాబాయ్.”

“ఇవ్వు. మన కాగితం అంటే కోర్టులో కూడా నిలబడుతుంది.” ఆయన గర్వంగా గోడ వైపు చూశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చాడు మెకానిక్. యాభై దాటిన మనిషి. ఎంత కడిగినా పోని గ్రీజు నలుపు గోళ్ళ చుట్టూ ఉంది. లోపలికొచ్చి కూర్చోమన్నా కూర్చోలేదు.

“లిఫ్టు మెకానిక్‌నమ్మా. ప్రస్తుతానికి ఇంట్లో కూర్చున్న మెకానిక్‌ని” అన్నాడు. నవ్వబోయి ఊరుకున్నాడు.

“తాడు ఫోటోలు తీశానన్నది మీరేనా?”

“నేనే. మా కంపెనీలో నన్ను నత్త అంటారు. ఒక్కో లిఫ్టుకి రెండు గంటలు తీసుకుంటానని. ఏం చేయమంటారు, నాకు చూస్తే ఆనదు, తడమాలి. తాడు చుట్టూ గుడ్డ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి లాగుతాను. ఎక్కడైనా తీగ తెగి లేచి ఉంటే గుడ్డ అక్కడ పట్టేసుకుంటుంది.” గాల్లో చేతులతో చేసి చూపించాడు. ఎడంచేతి బొటనవేలి గోరు మధ్యకి చీలి ఉంది. “పదో తారీకున ఎనిమిది చోట్ల పట్టుకుంది.”

“ఎనిమిది చోట్లా?” బాబాయి మరల పళ్ళెం పక్కన పెట్టాడు. “మరి అప్పుడే లిఫ్టు ఆపించలేకపోయావా బాబూ?”

“ఆపే హక్కు మేనేజరుదండీ. నోటిమాటలు లెక్కలోకి రావు, ఫోటో తీసి ఫోల్డర్లో పెట్టు, శనివారం నేను చూసుకుంటానంటాడు. పలక మీద ‘ఆపండి’ అని సుద్దతో రాసి, తాడు పక్కన పెట్టి మరీ తీశాను. సాయంత్రం ఆఫీసుకెళ్ళి కంప్యూటర్లో వేశాను. నా ఫోన్లో జాగా ఉండి చావదు. వేశాక ఫోన్లోవి తీసేస్తా. అదీ నా కొంప ముంచింది.” ఆయన చొక్కా జేబు తడుముకున్నాడు. “వెళ్ళకుండానే వెళ్ళానని రాశానట. ముప్ఫై ఏళ్ళ లైసెన్సు గురువారంతో పోతుంది. ఆవిడ కాళ్ళు విరగ్గొట్టిన కేసూ నా మెడకే చుడతారు.”

జేబులోంచి ఫోను తీసి, తెరను రెండు వేళ్ళతో పెద్దది చేసి కౌంటర్ మీద పెట్టాడు.

“మొన్న శనివారం మేనేజరు బల్ల మీద ఇది కనబడింది. ఫోటో తీసుకున్నాను. మీదే కదా?”

పసుపు కాగితం. షాపు జాబ్‌కార్డు. తేదీ పన్నెండు. అడుగున రెండు గడులు. మొదటి దాని పక్కన ‘కాపీ తీశాం’. రెండో దాని పక్కన ‘రిపేరు చేశాం’. రెండింట్లోనూ టిక్కులున్నాయి. తోకలు పైకి లేచిన ఆమె చేతి టిక్కులు.

“నేను పదిన పెట్టాను. మీరు పన్నెండున కాపీ తీశారు. అంటే మీ కాపీలో నా ఫోటోలుండాలి.” ఆయన ఆమె మొహంలోకి చూశాడు. “ఉంటాయి కదమ్మా?”

ఆమె నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. “ఎందుకుండవు? మా దగ్గర కాపీ లేకుండా రిపేరు జరగదు బాబూ. అరవై రోజులు బీరువాలో దాస్తాం. నువ్వు హాయిగా ఇంటికెళ్ళి అన్నం తిను. ఈ పూట తిన్నట్టు లేవు.”

మెకానిక్ అప్పుడు కూర్చున్నాడు. స్టూలు మీద కూలబడి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కాసేపు నేల చూశాడు.

“వెతకాలి” అంది ఆమె. 

*

బీరువాలో ఏమీ లేదని ఆమెకు తెలుసు. అయినా తాళం తీసి, వరుసగా నిలబెట్టిన డిస్కుల మీద లేబుళ్ళు ఒక్కొక్కటే చదివింది. బాబాయి వెనక నిలబడి చూస్తున్నాడు మరి.

“ఏ వరుసలో పెట్టావో గుర్తులేదా?”

“లేబుల్ సరిగ్గా అంటించలేదు బాబాయ్. ఒక్కోటీ తగిలించి చూడాలి.”

“నీ తొందర పాడుగాను” అని నవ్వి వెళ్ళిపోయాడు.

పన్నెండో తారీకున వాళ్ళ ఆఫీసులో మేనేజరు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. కంప్యూటర్ తెర సగంలో ఆగిపోయి ఉంది. పావుగంటలో కావాలన్నాడు. డిస్కు మొత్తం కాపీ తీయాలంటే నాలుగు గంటలు. ఆమెకు ఇంకా రెండు చోట్లకి వెళ్ళాల్సి ఉంది. డిస్కులో తప్పులుంటే దిద్దే ప్రోగ్రాం ఒకటి ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. ఒక్క మీట నొక్కితే చాలు. వందసార్లు నొక్కింది, వందసార్లూ ఏమీ కాలేదు. నొక్కింది. కంప్యూటర్ లేచింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు. కార్డు మీద రెండో గడిలో టిక్కు పెట్టి, పెన్ను ఎత్తకుండానే మొదటి దాంట్లోనూ పెట్టేసింది. ఖాళీగా వదిలిన కార్డు చూస్తే బాబాయి ఊరుకోడు.

ఆ ప్రోగ్రాం నిజానికి వైద్యం చేయదు. చదవలేకపోయిన చోటును కత్తిరించి, మిగతాదాన్ని కుట్టేస్తుంది. కత్తిరించిన దాంట్లో ఎవరి ఫోటోలున్నాయో అది చూడదు.

ఇప్పుడు ఆమె మేనేజరు తెచ్చిన డిస్కుకు మొదట కాపీ పెట్టింది. తెర మీద అంకె ఒక శాతం దగ్గర చాలాసేపు నిలబడింది. తర్వాత రెండు. ఆమె కుర్చీలోంచి లేవలేదు. నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది.

మంగళవారం అంతా ఆ కాపీ మీదే వెతికింది. ముందు మేనేజరునే అనుమానించింది. ప్రమాదం జరిగాక భయపడి ఆయనే తీసేసి ఉండొచ్చు. అలా తీసేసి ఉంటే జాడ ఉంటుంది. చేత్తో తీసేసిన ఫైళ్ళ పేర్లు డిస్కులో చాలాకాలం దయ్యాల్లా తిరుగుతుంటాయి. చెత్తబుట్ట చూసింది, పేర్ల పట్టిక చూసింది. పదో తారీకు ఫోల్డర్ మీద ఎవరి చెయ్యీ పడలేదు. మేనేజరు చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి, అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

భోజనాల వేళకి మెకానిక్ ఫోను చేశాడు.

“దొరికాయామ్మా?”

“చూస్తున్నా అన్నా.”

“తొందరేం లేదు, నెమ్మదిగా చూడండి. నేను నత్తనే కదా, ఆగగలను” అన్నాడు. ఫోను పెట్టేయకుండా ఇంకో అరనిమిషం ఊపిరి పీలుస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం నాలుగింటికి ఆమెకు ఆ ఫోల్డర్ కనబడింది. మామూలుగా చూస్తే కనబడదు. రిపేరు ప్రోగ్రాం తను కత్తిరించిన ముక్కల్ని పారేయకుండా ఒక మూల దాస్తుంది, దర్జీ చింపుల మూటలాగా. పుట్టిన తేదీ పన్నెండు. సమయం మధ్యాహ్నం పన్నెండూ పది. అంటే ఆమె మీట నొక్కిన నిమిషం. లోపల మూడువందల పన్నెండు ముక్కలు. ఒక్కదానికీ పేరు లేదు, వరుస నంబర్లు తప్ప.

ఒక్కో ముక్కను తెరిచి మొదటి అంకెలు చూడసాగింది. ఫోటో ఏదైనా ఒకేలా మొదలవుతుంది. ఉత్తరం ఇంకోలా. మూడోది జీతాల పట్టిక. నాలుగోది ఎవరిదో పెళ్ళి ఫోటో, సగం. ఇరవయ్యోదాని దాకా వచ్చేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. బాబాయి టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టాడు.

“కాపీలో వెతకడానికి ఇంతసేపేంటే? పేరు కొడితే రావాలి కదా?”

“పేర్లు పోయాయి బాబాయ్.”

“కాపీలో పేర్లెలా పోతాయి?”

ఆమె తరువాతి ముక్క తెరిచింది. ఆయన చెవిమిషన్ తీసి, బ్యాటరీ వైపు అనుమానంగా చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తను అడిగింది ఆమెకు వినబడలేదనో, ఆమె చెప్పింది తనకు వినబడలేదనో అనుకున్నాడు.

*

రెండువందల ఆరో ముక్క. బుధవారం పదకొండున్నర.

అది ఫోటోలాగే మొదలైంది. చివర లేదు. చివర అంకెలు తనే అతికించి, తెరిచింది. ఫోటో పైనుంచి కిందికి మెల్లగా పరుచుకుంది. చీకటి గొయ్యి. టార్చి వెలుగు. తాడు. తాడు మీద విడిపోయి నిక్కబొడుచుకున్న తీగలు, దువ్వెన పళ్ళలా. వాటిని చూపిస్తూ ఒక బొటనవేలు, గోరు మధ్యకి చీలినది. పక్కన పలక. సుద్దతో భవనం నంబరు, పదో తారీకు, ‘ఆపండి’. అక్కడితో ఫోటో ఆగిపోయింది. మిగతా సగం బూడిదరంగు.

ఫోటో లోపల దాగిన వివరాలు కూడా తెరిచింది. తీసిన రోజు పది, మధ్యాహ్నం మూడు నలభై. ఫోను రకం, మెకానిక్ చేతిలో చూసిందే.

“బాబాయ్!” అని అరిచింది.

ఆయన వచ్చి, కళ్ళద్దాలు పైకి లేపి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా చూశాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేశాడు. 

“చూశావా?” అన్నాడు చివరికి. “అందుకే ముందు కాపీ. ఒక మనిషి బతుకు నిలబెట్టింది మన కాపీ.”

ఆ ఒక్క మాటతో ఆమెకు దారి కనబడింది. ఫోటో దొరికింది. అది కాపీలో దొరికిందని రాస్తే సరి. మెకానిక్ లైసెన్సు నిలబడుతుంది. బాబాయి గోడ మీది అక్షరాలు నిలబడతాయి. పన్నెండున బీరువాలో లేని కాపీ ఇవాళ ఉన్నట్టు చూపిస్తే ఎవరికి నష్టం? ఫోటో అబద్ధం కాదు. తాడు అబద్ధం కాదు. ఒక్క గడిలో ఒక్క టిక్కు, అంతే.

ఖాళీ డిస్కు ఒకటి తీసింది. దాన్నిండా సోమవారం తీసిన కాపీ ఎక్కించి, పదో తారీకు ఫోల్డర్లో ఫోటోకు పేరు పెట్టి వేసింది. లేబుల్ మీద ‘12’ అని రాసి అంటించింది. కాగితం మీద ‘పన్నెండో తారీకున మా షాపు తీసిన కాపీలో, పదో తారీకు ఫోల్డర్‌లో ఈ ఫోటో ఉంది’ అని టైపు చేసింది. చదివింది. చిన్న వాక్యమే. సంతకం పెట్టేటప్పుడు పెన్ను ఒకసారి కాగితంలో దిగబడింది.

సాయంత్రం మేనేజరు కాగితం కోసం వస్తే, నేరుగా ఆఫీసరుకే ఇస్తానంది.

“అదేంటి మేడమ్? పన్ను పీకినట్టు ఇంత సాగదీయాలా? డిస్కు బాగుందా లేదా?”

“డిస్కు బాగుందనే వచ్చిందండీ.”

“హమ్మయ్య!” ఆయన నిజంగానే గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “మూడు రోజుల్నించి నిద్ర లేదు. ఆఫీసరు చూపు చూస్తే నేనే ఏదో చేశాననుకుంటున్నట్టుంది. రేపు తేలిపోతుంది.”

ఆయన వెళ్ళేదాకా ఆమె తల ఎత్తలేదు.

*

విచారణ నాలుగో అంతస్తులో అన్నారు. కానీ కుట్టుపనావిడ చక్రాల కుర్చీలో వచ్చి, లిఫ్టు తలుపు తెరుచుకోగానే రెండు చక్రాలూ గట్టిగా పట్టేసుకుంది. ఎవరెంత చెప్పినా వదల్లేదు. “నన్ను మోసుకెళ్ళండి, లేకపోతే ఆయన్నే దిగి రమ్మనండి” అంది. చివరికి ఆఫీసరే ఫైళ్ళు చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. కింద పాత కుర్చీలు పేర్చిన గదిలో బల్ల వేశారు.

బల్లకు ఒకవైపు మేనేజరు. ఇంకోవైపు మెకానిక్, ఉతికిన చొక్కా, మెడ దాకా బొత్తాలు. తలుపు దగ్గర చక్రాల కుర్చీ. పిండికట్లతో ఉన్న రెండు కాళ్ళు పలక మీద చాపి ఉన్నాయి. ఆమె, బాబాయి గోడ వారగా కూర్చున్నారు. బాబాయి చెవిమిషన్‌లో కొత్త బ్యాటరీ వేసుకుని వచ్చాడు.

ఆఫీసరు కాగితం చదివాడు. ఫోటో అచ్చు తీసిన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

“ఇది మీ వేలేనా?”

మెకానిక్ తన బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆఫీసరు గోటి చీలికను, ఫోటోను మార్చి మార్చి చూసి తలూపాడు. మెకానిక్ చెయ్యి కిందికి దించడం మర్చిపోయి అలాగే ఉంచేశాడు.

“మీరు పని చేశారు. అది తేలింది. మీ లైసెన్సు జోలికి ఎవరూ రారు” అన్నాడు ఆఫీసరు. బాబాయి ఆమె మోచేతిని నొక్కాడు. అయిపోయిందనుకుంది ఆమె. 

ఆఫీసరు మేనేజరు వైపు తిరిగాడు.

“శనివారం, అంటే పద్నాలుగున, మీరు ఫోల్డర్ తెరిచారు కదా?”

“తెరిచాను సార్. పదో తారీకుది ఖాళీగా ఉంది. ఈయన నత్త... ఈయన నెమ్మదస్తుడు కదా, ఇంకా పెట్టలేదేమోలే, సోమవారం అడుగుదామనుకున్నాను. మర్చిపోయాను. అది నా తప్పే, ఒప్పుకుంటాను.”

“ఖాళీగా ఎలా ఉంటుంది? పన్నెండున తీసిన కాపీలో, అదే ఫోల్డర్లో, ఫోటో ఉంది. మీ కంప్యూటర్లో ఫైళ్ళు తీసేయడానికి కావలసిన పాస్‌వర్డ్ మీకొక్కరికే తెలుసు. డిస్కు బాగుందని మీరే అంటున్నారు.” ఆఫీసరు పెన్ను మూత పెట్టాడు. “పన్నెండున ఉన్నది పద్నాలుగున లేదంటే, తీసేసింది మీరే.”

“లేదు సార్! ఒట్టు. నా కళ్ళతో చూశాను. ఖాళీ.”

“ఎవరు నమ్ముతారు?”

 మేనేజరు మెకానిక్ వైపు చూశాడు, ఆయనేమన్నా చెబుతాడేమోనన్నట్టు. తర్వాత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూశాడు. సోమవారం మధ్యాహ్నం ఇంకో మనిషి ఆమె షాపులో స్టూలు మీద ఎలా కూర్చున్నాడో, అచ్చం అలాగే.

ఆమె లేచి నిలబడింది. కుర్చీ గోడకు తగిలి చప్పుడైంది.

“ఆయన నిజమే చెబుతున్నారు సార్.”

అందరూ తిరిగారు.

“పన్నెండున కాపీ తీయలేదు. కార్డు మీద మొదటి గడిలో టిక్కు అబద్ధం. ఈ కాగితమూ అబద్ధమే. కాపీ తీయకుండా రిపేరు మీట నొక్కాను. ఫోటోలు అప్పుడే ఊడిపోయాయి. వాటిలో ఒక్క ముక్క నిన్న దొరికింది, ఆ డిస్కులోనే, రిపేరు ప్రోగ్రాం దాచిన చోట. దానికి నేనే పేరు పెట్టాను.”

“ఇప్పుడు చెప్పేదైనా నిజమని ఏమిటి రుజువు?” అన్నాడు ఆఫీసరు.

“డిస్కు తను తిరిగిన గంటలు లెక్కపెట్టుకుంటుంది సార్. ఇరవై ఒక్క వేల నాలుగువందల ఆరో గంట దగ్గర చదవలేకపోయానని రాసుకుంది. సోమవారం నా దగ్గరికి వచ్చేసరికి అది ఇరవై ఒక్క వేల నాలుగువందల తొంభై రెండు. మధ్యలో ఎనభై ఆరు గంటలు. ఆఫీసు రోజుకి పది గంటలు, ఆదివారం సెలవు. వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్ళండి. సరిగ్గా పన్నెండో తారీకు మధ్యాహ్నం దగ్గర ఆగుతుంది. అక్కడ ఉన్నది నేను.”

ఆఫీసరు క్యాలెండరు తీసి, పెన్ను మొనతో రోజులు తాకుతూ పెదాలు కదిపాడు.  పెన్ను పన్నెండు మీద ఆగింది.

బాబాయి చెవిమిషన్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె వైపు చూడలేదు. కోపం ఉంటే తట్టుకునేది. ఆయన తన వణికే చేతుల్ని ఒకదాన్నొకటి పట్టించి, వాటినే చూసుకుంటూ కూర్చున్నాడు.

“ఆ ఫోటో ఆ శనివారం నా కళ్ళబడి ఉంటే...” అన్నాడు మేనేజరు, ఎవరితోనూ కాకుండా. “అప్పటికప్పుడు లిఫ్టుకి తాళం వేయించేవాణ్ణి సార్.”

ఆ మాట గదిలో పడిన తర్వాతే అది ఎంత దూరం వెళ్తుందో ఆమెకు అర్థమైంది. ఇన్ని రోజులూ ఆమె ఒక లైసెన్సు గురించే ఆలోచించింది. పద్నాలుగు శనివారం. తాడు తెగింది పదిహేడున.

ఆఫీసరు రాసుకుంటున్నాడు. కొత్త కాగితం ఆమె ముందుకు జరిపి, ఇప్పుడు చెప్పిందంతా రాసి సంతకం పెట్టమన్నాడు. ఆమె రాసింది. ఈసారి చాలాసేపు పట్టింది.

“ఆ ఫోటో ఒకసారి ఇటిస్తారా?”

అడిగింది కుట్టుపనావిడ. పొద్దుట్నుంచి లిఫ్టు దగ్గర తప్ప ఆవిడ నోరు విప్పలేదు. మెకానిక్ లేచి ఫోటో అందించాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, లేచిన తీగల మీద చూపుడువేలు నెమ్మదిగా నడిపింది. గుడ్డలో పోగు చూసే వేలు అది.

“పోగులు ఇలా లేస్తే మేం ఆ దారం మిషన్‌కి ఎక్కించం. పక్కన పడేస్తాం” అంది. “ఎవరు చూసినా తెలుస్తుంది కదా, తెగుతుందని.”

“తెలుస్తుందమ్మా” అన్నాడు మెకానిక్.

ఆవిడ ఫోటో తిరిగిచ్చి, తల తిప్పి, సంతకం పెట్టిన చేత్తో ఇంకా పెన్ను పట్టుకునే ఉన్న ఆమెను చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. కొలత తీసుకుంటున్నట్టుంది.

“ఆ కాపీ తీయడానికి ఎంతసేపు పడుతుందమ్మా?”

“నాలుగు గంటలు.”

కుట్టుపనావిడ తన పిండికట్ల వైపు చూసుకుంది. చక్రం అంచు మీద బొటనవేలు ఒకసారి రుద్దింది.

“నాలుగు గంటలేనా?” అంది.